రోడ్డు ప్రమాద మృతుల అంత్యక్రియల ఖర్చు: పరిహారంలో ఎలా రాబట్టుకోవాలి

రోడ్డు ప్రమాదంలో ఇంటి మనిషిని పోగొట్టుకున్న కుటుంబం తరఫున పరిహారం కాగితాలు సిద్ధం చేయించుకోవడానికి వచ్చే బంధువుల చేతిలో తరచుగా ఒక రూళ్ల నోటుపుస్తకం కనిపిస్తుంది. బాబాయి వరసైన పెద్దమనిషి ఎవరో రాసిన పద్దులు అందులో ఉంటాయి. ఫ్రీజరు పెట్టెకు రెండు రోజుల అద్దె ఇంత, శామియానాకు, కుర్చీలకు ఇంత, కట్టెలకు, నెయ్యికి, పాడెకు, డప్పులకు, కాటికాపరికి ఇంత, చిన్నకర్మకు, పెద్దకర్మ భోజనాలకు ఇంత. చివరి పేజీలో కూడిక వేసి, కింద రెండు గీతలు గీసి, ఎవరి దగ్గర ఎంత చేబదులు తెచ్చారో పక్కనే రాసి ఉంటుంది. కూడిక లక్ష దాటిన పుస్తకాలు నేను ఎన్నో చూశాను. ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి వారు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇదంతా బీమా కంపెనీ ఇస్తుందా అండీ?"

ఇవ్వదు. అంత్యక్రియల ఖర్చు కింద మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్ ఇచ్చేది ముందే ఖరారైన మొత్తం. ఆ పుస్తకం ఉన్నా అంతే, లేకపోయినా అంతే. అయితే ఈ మాట విని నిరుత్సాహపడి ఇంటికి వెళ్లిపోవలసిన పని లేదు. ఆ చావు ఖర్చులో కొంత భాగాన్ని వేరే పద్దుల కింద న్యాయంగా అడగవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, అంత్యక్రియలు జరిగే ఆ మూడు నాలుగు రోజుల్లో తయారయ్యే కాగితాలే మొత్తం పరిహారం ఎంతో నిర్ణయిస్తాయి. కాబట్టి కుటుంబం తన శ్రద్ధను పెద్దకర్మ ఖర్చు రుజువు చేయడం మీద కాక, ఆ కాగితాల మీద పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ పని ఎలా చేయాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని వివరిస్తాను.

అంత్యక్రియల పద్దు కింద ఎంత వస్తుంది

ఈ మొత్తం ఒకప్పుడు మరీ దారుణంగా ఉండేది. మోటారు వాహనాల చట్టానికి 1994లో చేర్చిన రెండో షెడ్యూలులో అంత్యక్రియల ఖర్చు 2,000 రూపాయలని ఉండేది, అదే అంకె ఏళ్ల తరబడి కొనసాగింది. 2013లో రాజేశ్ వర్సెస్ రాజ్‌బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ విషయాన్ని మనసు పెట్టి చూసింది. అంత్యక్రియల ఖర్చు అంటే శ్మశానంలో కట్టే రుసుము ఒక్కటే కాదని, ఆయా మతాల ఆచారాల ప్రకారం ఇంకా ఎన్నో ఖర్చులు ఉంటాయని చెప్పి, 25,000 రూపాయలు ఇవ్వాలని నిర్దేశించింది. ఆ తరువాత 2017 అక్టోబరు 31న, ప్రణయ్ సేథీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇలా వాడుకగా ఇచ్చే పద్దులన్నిటికీ దేశమంతటా ఒకే కొలత ఉండాలని భావించి అంకెలను స్థిరపరిచింది. అంత్యక్రియలకు 15,000, మృతుని ఆస్తికి కలిగిన నష్టానికి 15,000, సాహచర్య నష్టానికి, అంటే అయినవారి తోడు కోల్పోయినందుకు, 40,000 రూపాయలు. అంటే 25,000 నుంచి 15,000కు తగ్గిందన్నమాట. ప్రతి మూడేళ్లకూ 10 శాతం పెంచాలని ధర్మాసనం చెప్పడం వల్ల ఈ మొత్తం 2020లో 16,500కూ, 2023 అక్టోబరు చివరి నుంచి 18,150కూ చేరింది. తరువాతి పెంపు 2026 అక్టోబరు చివర వస్తుంది.

పల్లెలో పదిమంది మోసుకెళ్లే చావుకైనా 18,150 రూపాయలు చాలవని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన అంకెను జిల్లా స్థాయి ట్రిబ్యునల్ దాటి వెళ్లదు. ఇందులో కుటుంబానికి మేలు చేసే అంశం కూడా ఒకటి ఉంది. ఈ మొత్తానికి రసీదులు చూపనవసరం లేదు. దహనం చేసినా, ఖననం చేసినా, సమాధి కట్టించినా, పెద్దకర్మ చేసినా చేయకపోయినా, ప్రమాదం వల్లనే మరణం సంభవించిందని, అందుకు ఎదుటి వాహనం డ్రైవరు నిర్లక్ష్యం కారణమని రుజువైతే చాలు, అంత్యక్రియల పద్దు దానంతట అదే వస్తుంది. అందువల్ల శామియానా వారి దగ్గర, వంటవారి దగ్గర తరువాత తేదీలు వేయించి బిల్లులు రాయించుకోవడం వంటి పనులు చేయవద్దు. వాటివల్ల ఒక్క రూపాయి అదనంగా రాదు సరికదా, ఒక దొంగ బిల్లు దొరికితే బీమా కంపెనీ న్యాయవాది మీ ఆసుపత్రి బిల్లులను, జీతం కాగితాలను కూడా అదే కంటితో చూడమని ట్రిబ్యునల్‌ను కోరతారు.

పిటిషన్‌లో ఈ పద్దును విడిగా, అంకెతో సహా రాయించండి. "తీర్పు వెలువడే నాటికి వర్తించే పెంపుతో సహా అంత్యక్రియల ఖర్చు ఇప్పించవలసిందిగా కోరుతున్నాము" అన్న వాక్యం ఉండేలా చూసుకోండి, ఎందుకంటే కేసు రెండు మూడేళ్లు నడిస్తే ఈలోగా ఇంకో పెంపు రావచ్చు. అడిగిన దానికన్నా ఎక్కువ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని 2002లో నాగప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటికీ, అడగని పద్దు మీద ట్రిబ్యునల్ తనంతట తాను దృష్టి పెడుతుందని నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు.

అంత్యక్రియల్లో కలిపేయకూడని ఖర్చులు

నోటుపుస్తకంలో ఉన్న వాటిలో నిజంగా విడదీసి అడగదగినది భౌతికకాయాన్ని తరలించిన ఖర్చు. హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనికి వెళ్లిన శ్రీకాకుళం జిల్లా కూలీ అక్కడి రోడ్డు మీద ప్రమాదానికి గురై చనిపోయాడనుకుందాం. శవపరీక్ష అయ్యాక అంబులెన్సు మాట్లాడుకుని ఏడెనిమిది వందల కిలోమీటర్లు తీసుకువెళ్లాలి. డ్రైవరు రాత్రికి రాత్రి బయలుదేరాలని ముందే డబ్బు అడుగుతాడు, తోవలో టోలు, డీజిల్ ఖర్చు వేరుగా చెబుతాడు, ఆ హడావిడిలో రసీదు అడగాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఈ ఖర్చు ఊళ్లో జరిపే కర్మ ఖర్చు కాదు. ప్రమాదం ఇంటికి అంత దూరంలో జరగడం వల్ల పడిన భారం. అందుకే "రవాణా ఖర్చులు" అన్న ప్రత్యేక పద్దు కింద అడగాలి. బీమా కంపెనీలు ఇది అంత్యక్రియల పద్దులోనే కలిసి ఉందని వాదిస్తాయి, కొన్ని ట్రిబ్యునళ్లు ఆ వాదనను ఒప్పుకుంటాయి కూడా. అయినా నమ్మదగిన రుజువు ఉన్న చోట వేరుగా మంజూరు చేసిన తీర్పులు ఉన్నాయి కాబట్టి వదులుకోవద్దు.

ఆ రుజువు ఎలా ఉండాలంటే, రసీదు మీద అంబులెన్సు యజమాని పేరు, వాహనం నంబరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత తీసుకున్నారు, డ్రైవరు సంతకం, ఇవన్నీ ఉండాలి. డబ్బును నగదుగా కాక ఫోన్‌పే, గూగుల్ పే వంటి వాటి ద్వారా కడితే, ఆ లావాదేవీ బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటులో తేదీతో సహా పడుతుంది. రసీదు దొరకని వారిని ఎన్నోసార్లు ఆ ఒక్క పంక్తే ఆదుకుంది. ప్రభుత్వాసుపత్రి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం వాహనంలోనో, తెలంగాణలో పార్థివ వాహనంలోనో ఉచితంగా తీసుకువెళ్లి ఉంటే రవాణా ఖర్చు అడగవద్దు. ఆ సంగతి ఆసుపత్రి రిజిస్టరులో ఉంటుంది.

రెండోది, చనిపోవడానికి ముందు జరిగిన వైద్యం ఖర్చు. మనిషి ప్రమాదస్థలంలోనే పోకుండా నాలుగు రోజులు ఐసీయూలో ఉండి పోతే, ఆ బిల్లులు, మందుల చీటీలు, రక్తం తెచ్చిన రసీదులు, ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి మార్చిన అంబులెన్సు ఖర్చు, ఇవన్నీ వైద్య ఖర్చుల పద్దు కింద అసలు రసీదుల మేరకు వస్తాయి. ఈ పద్దుకు ముందే ఖరారైన హద్దు ఏమీ లేదు, కాబట్టి ఇక్కడ ప్రతి చీటీ విలువైనదే. చాలా ఇళ్లలో శవం ఇంటికి వచ్చిన రోజున ఆసుపత్రి సంచీని అశుభమని బయట పడేస్తారు. దయచేసి ఆ సంచీని ఎవరైనా ఒకరు పక్కకు తీసి దాచండి.

ఆ మూడు రోజుల కాగితాలు

శవపరీక్ష చేయించడానికి కుటుంబాలు వెనుకాడడం నాకు అర్థమవుతుంది. మనిషి ఎలాగూ పోయాడు, ఒళ్లు కోయడం ఎందుకు, తెల్లవారకముందే ఊరికి తీసుకుపోదాం అంటారు. కానీ శవపరీక్ష నివేదిక లేకుండా దహనం జరిగిపోతే, మరణానికి కారణం ప్రమాదంలో తగిలిన గాయాలా, గుండెపోటా అన్న ప్రశ్న బీమా కంపెనీ చేతికి ఆయుధంగా దొరుకుతుంది. బూడిదను మళ్లీ పరీక్షించలేము. ప్రమాదంలో గాయపడి నెల తరువాత ఇంట్లో చనిపోయిన వారి విషయంలో ఇది మరీ ముఖ్యం. అలాంటప్పుడు మరణం సంభవించిన వెంటనే పోలీసులకు తెలియజేసి శవపరీక్ష చేయించాలి.

శవపరీక్షకు ముందు పోలీసులు శవ పంచనామా రాస్తారు. ఇదివరకు నేర ప్రక్రియా స్మృతి 174వ సెక్షన్ కింద రాసేవారు, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద రాస్తున్నారు. మార్చురీ వరండాలో, నలుగురు పంచాయతీదారుల ముందు, బంధువుల నోటి మాట విని రాసే ఈ కాగితం మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు. వయసు ఎంత అని అడిగితే, ఏడుపు మధ్యలో ఎవరో దూరపు బంధువు "నలభై అయిదు ఉంటాయండీ" అంటాడు. అదే రాస్తారు. అదే శవపరీక్ష నివేదికలోకి, అక్కడి నుంచి అభియోగపత్రంలోకి పోతుంది. నిజానికి ఆ మనిషికి 38 ఏళ్లు. పరిహారం లెక్కలో ఏడాది ఆదాయాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు, దాన్నే గుణకం అంటారు. 36 నుంచి 40 ఏళ్ల వారికి గుణకం 15, 41 నుంచి 45 ఏళ్ల వారికి 14. ఆ ఒక్క మాట వల్ల కుటుంబం కనీసం ఒక సంవత్సరపు ఆదాయాన్ని పోగొట్టుకుంటుంది, అది అంత్యక్రియల పద్దు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంటి వారిలో కాస్త నిబ్బరంగా ఉన్న ఒకరు పంచనామా రాసేటప్పుడు పక్కన నిలబడి వయసు, వృత్తి, ఇంటి పేరు, తండ్రి పేరు సరిగ్గా రాయించాలి. వయసుకు రుజువుగా పాఠశాల బదిలీ ధ్రువపత్రమో, పదో తరగతి మార్కుల జాబితానో వెతికి పెట్టుకోండి. పుట్టిన తేదీకి ఆధార్ కార్డు రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాద కేసులోనే చెప్పింది.

ఇక మిగిలిన కాగితాలు: ఎఫ్‌ఐఆర్ ప్రతి, శవపరీక్ష నివేదిక, ప్రమాదస్థలం పంచనామా, మోటారు వాహన తనిఖీ అధికారి నివేదిక, అభియోగపత్రం, ఎదుటి వాహనం రిజిస్ట్రేషన్ పత్రం, బీమా పాలసీ, డ్రైవరు లైసెన్సు ప్రతులు. ఇవి పోలీసు స్టేషను నుంచో, కోర్టు నుంచో తీసుకోవచ్చు. కుటుంబం సొంతంగా తెచ్చుకోవలసినవి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఆదాయానికి సంబంధించిన ఆధారాలు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఆలస్య రుసుము బాధ ఉండదు.

2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి ప్రమాదం గురించిన తొలి నివేదికను 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి, సవివర నివేదికను 90 రోజుల్లో దాఖలు చేయాలి. ఆ క్రమంలో బాధిత కుటుంబం చేత ఒక ఫారం నింపిస్తారు. చదవకుండా సంతకం పెట్టవద్దు. వైద్యానికి, తరలింపుకు, అంత్యక్రియలకు అయిన ఖర్చును అక్కడే మొదటిసారి చెబుతున్నారు కాబట్టి, తరువాత పిటిషన్‌లో రాసే అంకెలకూ అక్కడి అంకెలకూ పొంతన ఉండాలి.

పిటిషన్ ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరు వేయాలి

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద వేసే ఈ పిటిషన్‌ను మన కోర్టుల్లో ఎం.వి.ఓ.పి. అంటారు. ప్రమాదం జరిగిన చోటనే వేయాలన్న నియమం లేదు. కుటుంబం నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. పైన చెప్పిన కూలీ కుటుంబం హైదరాబాద్ చుట్టూ తిరగనవసరం లేకుండా శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. ఎదుటి వాహనం యజమానిని, డ్రైవరును, బీమా కంపెనీని ప్రతివాదులుగా చేర్చాలి. ఆర్టీసీ సొంత బస్సయితే సాధారణంగా బీమా కంపెనీ ఉండదు, సంస్థనే చేర్చాలి. అద్దె బస్సయితే సంస్థతో పాటు బస్సు యజమానిని, అతని బీమా కంపెనీని కూడా చేర్చడం క్షేమం.

2022 ఏప్రిల్ 1 తరువాత జరిగిన ప్రమాదాలకు 6 నెలల్లో పిటిషన్ వేయాలని చట్టం చెబుతోంది. ఈ గడువు చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఆ సవాలు మీద భారం వేసి ఊరుకోవద్దు. సంవత్సరీకాలు అయ్యాక చూద్దామనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఆలోచన మానుకుని, పెద్దకర్మ అయిన మరుసటి వారమే న్యాయవాదిని కలవండి. ఫీజు కట్టుకోలేని వారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపుతారు. ఆసుపత్రి దగ్గర, మార్చురీ దగ్గర తిరుగుతూ "అంత్యక్రియలకు ఇప్పుడే పదివేలు ఇస్తాం, కేసు మాకు ఇవ్వండి" అని ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకునే మధ్యవర్తులు ఉంటారు. ఆ పదివేలు ఆ రోజు ఎంత అవసరమైనా తీసుకోవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. వచ్చే పరిహారంలో ఇంత వాటా అని న్యాయవాది ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం.

ఖర్చు పెట్టినవారు ఒకరు, వారసులు మరొకరు అయినప్పుడు ఇంట్లో మనస్పర్ధలు వస్తాయి. ఆ రోజు డబ్బు తీసినది బావమరిది కావచ్చు, మేనమామ కావచ్చు. పరిహారం మాత్రం భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు పంచుతారు. పిటిషన్‌లోని కక్షిదారుల్లో ఒకరే ఖర్చు పెట్టి ఉంటే, ఉదాహరణకు మృతుని తండ్రి, అంత్యక్రియల మొత్తాన్ని ఆయన వాటాలో కలపమని ముందుగానే కోరవచ్చు. బయటి బంధువు పెట్టి ఉంటే ఆ లెక్కను కుటుంబమే తరువాత తీర్చుకోవాలి. ఆ విషయం పెద్దల సమక్షంలో ముందే మాట్లాడుకుంటే మంచిది. తల్లిదండ్రులను కక్షిదారులుగా చేర్చడం మాత్రం మరచిపోవద్దు. సాహచర్య నష్టం భార్యకు ఒక్కరికే కాదని, తండ్రిని కోల్పోయిన పిల్లలకు, కొడుకును కోల్పోయిన తల్లిదండ్రులకు కూడా ఇవ్వాలని 2018లో మాగ్మా జనరల్ ఇన్సూరెన్స్ వర్సెస్ నానూ రామ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

లెక్క ఎలా వేస్తారు

నెలకు 15,000 రూపాయలు సంపాదించే 35 ఏళ్ల తాపీమేస్త్రీని తీసుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారు. 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధి కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం, అంటే 6,000 కలుపుతారు. 21,000 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చులకు నాలుగో వంతు తీసివేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు గుణకం 16 కాబట్టి 30,24,000 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు 18,150, ఆస్తి నష్టం 18,150, నలుగురికీ సాహచర్య నష్టం 48,400 చొప్పున 1,93,600 కలిపితే మొత్తం 32,53,900 అవుతుంది. దీని మీద పిటిషన్ వేసిన తేదీ నుంచి వడ్డీ వస్తుంది.

ఈ లెక్కలో అంత్యక్రియల పద్దు ఎంత చిన్నదో చూడండి. అందుకే మేస్త్రీ నెలకు 15,000 సంపాదించేవాడని రుజువు చేసే గుత్తేదారు సాక్ష్యం, అతని బ్యాంకు ఖాతా, కార్మిక గుర్తింపు కార్డు మీద పెట్టే శ్రమ వెయ్యి రెట్లు ఫలిస్తుంది. మృతునిది కూడా కొంత తప్పు ఉందని ట్రిబ్యునల్ తేల్చి నాలుగో వంతు తగ్గిస్తే, ఆ కోత అంత్యక్రియల పద్దుకు కూడా పడుతుంది. ఎల్‌ఐసీ పాలసీ డబ్బు కుటుంబానికి వచ్చిందన్న కారణంతో పరిహారం తగ్గించకూడదని 1998లో హెలెన్ రెబెల్లో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, పాలసీ సంగతి దాచనవసరం లేదు.

ట్రిబ్యునల్‌లో సాక్ష్యం చెప్పేది సాధారణంగా భార్య. ఆమె ప్రమాణపత్రంలోనే అంత్యక్రియలు ఎక్కడ, ఏ తేదీన జరిగాయో, మృతదేహాన్ని ఏ వాహనంలో తెచ్చారో రెండు వాక్యాల్లో ఉండాలి. అంబులెన్సు రసీదును ఎఫ్‌ఐఆర్, శవపరీక్ష నివేదికలతో పాటు ఎ-సిరీస్‌లో, అంటే మన తరఫు రుజువు పత్రాల వరుసలో, గుర్తు వేయించాలి. ఎదుటి న్యాయవాది "ఈ రసీదు కేసు కోసం తయారు చేయించారు" అని సూచిస్తే, కోపం తెచ్చుకోకుండా, ఆ రోజు ఎవరు డబ్బు కట్టారో, ఎలా కట్టారో ఉన్నది ఉన్నట్టు చెబితే సరిపోతుంది.

ఇతర దారులు

గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లి ప్రయోజనం లేదు. 2022 నాటి హిట్ అండ్ రన్ పథకం కింద 2 లక్షల రూపాయలు వస్తాయి. అంత్యక్రియలకు విడిగా ఏమీ ఉండదు. ప్రమాదం జరిగిన రెవెన్యూ డివిజన్‌లోని విచారణ అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి, కలెక్టరు మంజూరు చేస్తారు. ఎవరి తప్పో రుజువు చేయనవసరం లేకుండా మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద 5 లక్షలు తీసుకునే వీలు కూడా ఉంది, అందులోనూ అంత్యక్రియలు కలిసే ఉంటాయి. సంపాదించే వయసులో పోయిన మనిషి కుటుంబం, ఎదుటివారి తప్పుకు సాక్ష్యం ఉండగా, తొందరపడి 5 లక్షలకు ఒప్పుకోవడం పెద్ద నష్టం. పై లెక్క చూస్తే ఆ తేడా ఎంతో తెలుస్తుంది.

మృతుడు పనిలో ఉండగా పోయిన లారీ డ్రైవరో, క్లీనరో అయితే, మోటారు వాహనాల చట్టం కింద గాని, ఉద్యోగుల పరిహార నిబంధనల కింద గాని, ఏదో ఒకటే ఎంచుకోవాలి. పాత ఉద్యోగుల పరిహార చట్టంలో అంత్యక్రియలకు కనీసం 5,000 రూపాయలని ఉండేది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో అది కనీసం 15,000 అయింది. ఈఎస్‌ఐ కార్డు ఉన్న కార్మికుడు చనిపోతే అంత్యక్రియల ఖర్చు కింద 15,000 రూపాయల వరకు వస్తుంది. ఇది ప్రమాద మరణానికే పరిమితం కాదు. మరణించిన 3 నెలల్లో అడగాలి. కుటుంబం లేని చోట నిజంగా ఖర్చు పెట్టిన మనిషికే ఆ డబ్బు ఇస్తారు. అప్పు చేసిన మేనమామకు న్యాయం చేసే నియమం ఇదొక్కటే కనిపిస్తుంది.

తీర్పు వచ్చాక

తీర్పు ప్రతి చేతికి రాగానే అంత్యక్రియల పద్దు ఉందా, ఎంత వేశారు, రవాణా ఖర్చు గురించి ఏమి రాశారు అని చూసుకోండి. ఒక్కోసారి పాత 15,000 అంకెనే వేసి వదిలేస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. హైకోర్టులో అప్పీలుకు 90 రోజుల గడువు ఉంటుంది, కానీ వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయల లోపు అయితే అప్పీలు చేసుకునే హక్కు లేదు. అంటే అంత్యక్రియల పద్దులో మాత్రమే తేడా జరిగితే పై కోర్టుకు వెళ్లలేరు. ఆదాయం, గుణకం, సాహచర్యం వంటి పద్దుల్లో కూడా తక్కువ వేసి అన్నీ కలిపి లక్ష దాటితేనే అప్పీలులో దీనిని కూడా అడగగలరు. అందువల్ల వాదనలు ముగిసే రోజునే పద్దులవారీగా అంకెలు వేసిన ఒక పేజీ లెక్కను, 2017 నుంచి పెరుగుతూ వచ్చిన మొత్తాలతో సహా, న్యాయవాది చేత ట్రిబ్యునల్‌కు ఇప్పించండి. లోక్ అదాలత్‌లో రాజీకి ఒప్పుకుంటే ఆ తరువాత అప్పీలే ఉండదు కాబట్టి, ఆ ఒక పేజీ లెక్కను అక్కడికి కూడా తీసుకువెళ్లి, బీమా కంపెనీ చెప్పే మొత్తాన్ని దాని పక్కన పెట్టి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

మైనరు పిల్లల వాటాను ట్రిబ్యునల్ బ్యాంకులో డిపాజిట్ చేయిస్తుంది. పెద్దవారి వాటాలోంచి కొంత ముందుగా తీసుకోనిస్తుంది. అంత్యక్రియలకు, వైద్యానికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదని, ఆ మేరకు వెంటనే విడుదల చేయాలని కోరుతూ డబ్బు జమ అయిన రోజే ఒక దరఖాస్తు వేసుకోవచ్చు. నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్న చేబదుళ్ల జాబితా పనికి వచ్చేది అక్కడే.